నిలిచిన నెత్తురు మళ్ళీ ఎందుకు కారుతుంది? గాయాలు, చీము, దొమ్మ రోగం

పోయిన వానకాలంలో డోన్ ప్రాంతపు సంఘాల లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్ళినప్పుడు, సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగినారు. ఆయన ఎనుము దొడ్డి గోడకు నిలబెట్టిన నాపబండ అంచును ఒరుసుకొని వచ్చింది. చన్ను పక్కన బెత్తెడు మేర తెగింది. నెత్తురు బాగానే కారింది గాని, గుడ్డ అదిమి పట్టుకుంటే నిలిచిపోయింది. నిలిచిన తరువాత ఏ రొంపీ లేదని అనుకున్నారు. ఆరో నాడు పొద్దున పాలు పిండుతుంటే అదే చోట మళ్ళీ నెత్తురు కారింది. ఈసారి వాసన కూడా ఉంది.

"సార్, ఒకసారి నిలిచిపోయిన నెత్తురు మళ్ళీ ఎట్ల కారుతుంది? ఎనుము నెత్తురే చెడిపోయిందంటారా?" అని ఆయన అడిగినారు.

"గాయానికి ఏమి వేసినారు పెద్దాయనా?" అని మేము అడిగితే, మొదట పసుపు వేసినామని, తరువాత ఎవరో చెబితే పాత బాటరీ సెల్లు పగలగొట్టి ఆ నల్ల పొడి అద్దినామని, పైన పేడ మెత్తినామని చెప్పినారు.

మేము పశువైద్యులం కాము. మా పని సంఘం పుస్తకాలు చూడడం, వెన్న శాతం, సేకరణ, చెల్లింపులు సరిపోయినాయా అని లెక్క కట్టడం. అయితే డిప్లొమాలో చదువుకున్నది కొంత, ఊరూరా పశువైద్యశాల డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కొంత, ఇన్నేండ్లలో కండ్లారా చూసినది కొంత ఉంది. పెద్దాయన అడిగిన ప్రశ్న చిన్నదిగా కనిపించినా దానికి జవాబు చాలా దూరం పోతుంది. అది తెలియక కొన్ని ఇండ్లలో పశువులే కాదు, మనుషులు కూడా ప్రమాదంలో పడినారు. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము.

నెత్తురు ఎట్లా గడ్డకడుతుంది?

మేకను కోసినప్పుడు నెత్తురును పళ్ళెంలో పట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. పట్టిన పది పదిహేను నిమిషాల్లో అది జున్నులాగా బిగుసుకుంటుంది. కత్తితో కోస్తే ముక్కలు వస్తాయి. ఇది పాలు తోడుకోవడం వంటిది కాదు. పాలు పులిస్తే విరుగుతాయి. నెత్తురు పులవదు. అందులో కంటికి కనిపించని సన్నటి దారాలు పుట్టి వల అల్లుకుంటాయి. ఆ వలలో ఎర్రకణాలు చిక్కుకుంటాయి. అదే గడ్డ. వేడిగా ఉన్న నెత్తురును పుల్లతో బాగా తిప్పుతూ ఉంటే ఆ దారాలు పుల్లకు చుట్టుకొని తెల్లని పీచుగా బయటికి వస్తాయి. మిగిలిన నెత్తురు ఇక గడ్డకట్టదు. ఈ పీచును డాక్టర్లు ఫైబ్రిన్ అంటారు.

చెరువు కట్టకు గండి పడితే మన ఊళ్ళలో ఏమి చేస్తారో గుర్తు తెచ్చుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. మొదట దగ్గర దొరికిన రాళ్ళు పడవేస్తారు. ఆ వెంటనే కంప కొట్టి అడ్డం వేస్తారు. కంపకు మట్టి పట్టుకొని గండి పూడుతుంది. ఒంట్లో కూడా ఇదే వరస. రక్తనాళం తెగిన క్షణాల్లో రక్తఫలకికలు, అంటే ప్లేట్‌లెట్లు అనే చిన్న చిన్న పలుకులు అక్కడికి చేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇవి రాళ్ళు. ఒక్క నెత్తుటి చుక్కలో ఇవి కోటికి పైగా ఉంటాయి. తరువాత ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. ఇవి కంప. ఈ కంప తయారు కావడానికి కావలసిన సరుకు చాలా వరకు కార్జంలో తయారవుతుంది. దానికి సున్నం సత్తువ, అంటే కాల్షియం కూడా అవసరం. పచ్చిమేతలో ఉండే 'కె' విటమిన్ కూడా కావాలి.

ఈ సరుకుకు ఒక లెక్క ఉంది. ఎంత కావాలంటే అంత ఎప్పుడూ సిద్ధంగా ఉండదు. ఈ మాట గుర్తు పెట్టుకొమ్మని మనవి. దొమ్మ రోగం దగ్గరికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

గండి పూడినంత మాత్రాన కట్ట బాగుపడినట్టు కాదు. కంప కింద కొత్త మట్టి పోసి గట్టి పరచాలి. ఒంట్లో ఆ పని రెండో నాటి నుంచి మొదలవుతుంది. తెల్లకణాలు వచ్చి చెత్త ఏరివేస్తాయి. నాలుగైదు రోజులకు గాయం అడుగున ఎర్రగా, తడిగా, గింజలు గింజలుగా కొత్త మాంసం లేస్తుంది. అంచుల నుంచి చర్మం మెల్లగా పాకుతూ వస్తుంది. ఈ కొత్త మాంసం బలపడే దాకా లోపలి రక్తనాళానికి ఆధారం ఆ పాత గడ్డే. అది ముందుగా కరిగిపోయినా, కుళ్ళిపోయినా నాళం నోరు మళ్ళీ తెరుచుకుంటుంది. పెద్దాయన ఎనుముకు ఆరో నాడు జరిగింది ఇదే. నెత్తురు చెడలేదు. గడ్డను ఎవరో తినివేసినారు.

కంప తినేవాళ్ళు, కంప దొంగిలించేవాళ్ళు

ఎవరంటే బాక్టీరియా అనే సూక్ష్మజీవులు. ఇవి పేడలో, మట్టిలో, చర్మం మీద, పిండేవాడి చేతుల మీద ఎప్పుడూ ఉంటాయి. గాయం వాటికి తెరిచిన తలుపు. లోపలికి వచ్చిన తరువాత ఒక్కొక్క జాతి నెత్తుటి గడ్డతో ఒక్కొక్క రకంగా వ్యవహరిస్తుంది. ఈ తేడాలు తెలిస్తే ఒక్కొక్క పుండు ఒక్కొక్క రకంగా ఎందుకు ఉంటుందో తెలుస్తుంది.

స్ట్రెప్టోకాకస్ అనే గొలుసు బాక్టీరియాలలో కొన్ని రకాలు గడ్డను కరిగించే పదార్థాన్ని వదులుతాయి. మనం వేసిన కంపకు నిప్పు పెట్టినట్టు అన్నమాట. అడ్డం లేకపోయేసరికి అవి చర్మం కింద వేగంగా పాకుతాయి. పుండు చుట్టూ ఎర్రగా, వేడిగా, వాపు రోజురోజుకు పెరుగుతూ పోతే ఈ జాతిని అనుమానించవచ్చు. ఈ సంగతిని 1933లో అమెరికాలో టిల్లెట్, గార్నర్ అనే పరిశోధకులు బయటపెట్టినారు. విచిత్రమేమంటే, శత్రువు చేతిలోని ఆ కత్తినే తరువాత డాక్టర్లు మందుగా మార్చుకున్నారు. గుండెపోటు వచ్చినవారికి గుండె నాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించడానికి ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షను ఈ బాక్టీరియా నుంచి తీసినదే.

స్టెఫిలోకాకస్ ఆరియస్ అనేది దీనికి సరిగ్గా ఎదురు. ఇది గడ్డను కరిగించడం కాదు, తానే గడ్డ కట్టిస్తుంది. మన ఒంటి కంపతోనే తన చుట్టూ కంచె వేసుకొని మధ్యలో కూర్చుంటుంది. తెల్లకణాలు ఆ కంచె దాటి లోపలికి పోలేవు. మందు కూడా సరిగా అందదు. గట్టిగా, ఒకే చోట, మధ్యలో చిక్కని చీముతో లేచే గడ్డలు చాలా వరకు దీని పనే. కొంత కాలానికి కంచె సడలించి మరో చోటికి పోయే ఉపాయం కూడా దీనికి తెలుసు. పొదుగువాపులో ఇది చేరితే వదిలించడం ఎందుకంత కష్టమో ఇప్పుడు అర్థమవుతుంది. పొదుగులో లోతుగా కంచె కట్టుకొని ఉంటుంది. మందు పడినన్నాళ్ళు తగ్గినట్టు ఉంటుంది, మానివేయగానే మళ్ళీ లేస్తుంది. ఆ చన్ను తడమగా గట్టి గడ్డలు తగులుతాయి.

పొదుగువాపు వచ్చిన పశువు పాలలో కనిపించే తెల్లని తునకలు, పీలికలు కూడా ఇటువంటివే. చాలామంది అవి విరిగిన పాలని అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం నెత్తురు నుంచి పొదుగులోకి ఊరిన ఫైబ్రిన్, చచ్చిన తెల్లకణాలు. పిండేముందు మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడమని మేము ప్రతి మహాజన సభలో చెప్పేది ఇందుకే. నల్లగుడ్డ మీద తునక కనిపిస్తే ఆ చన్ను పాలు క్యానులో పోయకూడదు. కొత్తగా ఈనిన పశువు పాలలో రెండు మూడు రోజులు లేత ఎరుపు కనిపించడం వేరు. అది చాలాసార్లు పొదుగులో నెత్తురు పోటు ఎక్కువై సన్న నాళాలు చిట్లడం వల్ల వస్తుంది. వాపు, వేడి, నొప్పి లేకపోతే భయపడనక్కరలేదు గాని, ఆ పాలు కూడా సంఘానికి పోయకూడదు.

పశువు జాతికి ఈ కంప వేసే గుణం మనిషికంటే ఎక్కువ. మేతలో కలిసిన ఇనుపతీగ ముక్క కడుపును పొడిస్తే ఆవు ఒంట్లో ఎంతో ఫైబ్రిన్ ఊరి ఆ చోటును అతికించి వేస్తుంది. అందువల్లనే కొన్ని పశువులు తీగ మింగి కూడా బ్రతుకుతున్నాయి. తీగ ఇంకా ముందుకు గుండె దాకా పోతే మాత్రం వాటి అదృష్టం చాలదు.

మూడో రకం పేడలో ఉండే ఈ.కోలై వంటివి. వీటి విషం నెత్తురులో కలిస్తే గండి ఒక్కచోట లేకపోయినా ఒళ్ళంతా కంప వేయించడం మొదలవుతుంది. ఊరిలోని కంప అంతా కొట్టి ప్రతి కాలువలోను, ప్రతి బోదెలోను అడ్డం వేసినట్టు చిన్న చిన్న నాళాల్లో వేలకొద్దీ గడ్డలు కడతాయి. కాలువలు మూసుకుపోయి చేలు ఎండుతాయి. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇక నిజంగా కట్టకు గండి పడినప్పుడు వేయడానికి కంప మిగలదు. అప్పుడు సూది గుచ్చిన చోట కూడా నెత్తురు నిలవదు. చిగుళ్ళ మీద, కంటి రెప్పల లోపల ఎర్ర చుక్కలు లేస్తాయి. ఈనిన తరువాత మాయ పడక గర్భసంచి కుళ్ళినప్పుడు, ఒక్కపూటలో ముంచుకొచ్చే పొదుగువాపులో ఈ స్థితి వస్తుంది. చెవులు, కాళ్ళు చల్లబడి, పశువు పడుకొని లేవకపోతే రేపు చూద్దామని అనుకోకూడదు. అది గంటల లెక్క.

రక్తపింజరి కాటులో జరిగేది కూడా దాదాపు ఇదే. దాని విషం గడ్డకట్టే సరుకునంతా ఖర్చు పెట్టించి వేస్తుంది. ఆసుపత్రిలో పాము కాటు రోగి నెత్తురు గాజు గొట్టంలో పోసి కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి చూస్తారు. వంచితే ఇంకా నీళ్ళలాగా పారితే విషం ఎక్కిందని తేల్చుకుంటారు. పళ్ళెంలో మేక నెత్తురు బిగుసుకోవడం చూసిన మనవాళ్ళకు ఈ పరీక్ష అర్థం కావడం కష్టం కాదు.

గాయానికి ఏమి చేయాలి?

నెత్తురు కారుతున్నప్పుడు చేయవలసింది ఒక్కటే. శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గట్టిగా అదిమి పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. నిమిషానికొకసారి ఎత్తి చూస్తే అప్పుడే అల్లుకుంటున్న వలను మనమే చింపినట్టు అవుతుంది. చేలో ఉన్నప్పుడు గడ్డి చేమంతి ఆకు నలిపి పిండడం మన పెద్దల అలవాటు. ఆ రసానికి నెత్తురు ఆపే గుణం కొంత ఉందని పరిశోధనల్లో కూడా చెప్పినారు. కాని ఆకుకు అంటిన మట్టి సంగతి ఏమిటి? కడిగి వాడితే మాకు అభ్యంతరం లేదు.

నెత్తురు నిలిచిన తరువాత కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి కడగాలి. అర లీటరుకు ఒక చిన్న చెంచా చాలు. దుమ్ము, వెంట్రుకలు, రాతి పొడి పోయేటట్టు ధారగా పోయాలి. ఆ తరువాత పావిడిన్ అయోడిన్ మందు పూయాలి. పసుపు మంచిదే, కాని అంగడిలో పొట్లం కట్టిన పసుపు సూక్ష్మజీవులు లేనిదని అనుకోవద్దు. పేడ, బూడిద, బాటరీ పొడి, వాడిన ఇంజనాయిలు ఏవీ గాయం మీద వేయకూడదు. పేడలో ధనుర్వాతపు బీజాలు ఉంటాయి. బాటరీ పొడి, ఇంజనాయిలు కొత్తగా లేస్తున్న ఎర్ర మాంసాన్ని కాల్చి వేస్తాయి. వాత పెట్టడం గురించి కూడా ఇదే చెప్పాలి. వాత వల్ల మానిందని చెప్పేవారు, వాత పెట్టినా పెట్టకున్నా మానే గాయాలనే చూపిస్తారు.

సర్కారు తుమ్మ ముల్లు, మేకు దిగిన గాయాలు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. వాటినే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. గాలి తగలని లోతులో పెరిగే బాక్టీరియా ఒక జాతి ఉంది. ధనుర్వాతం తెచ్చేది అందులో ఒకటి. కండకు నెత్తురు అందకుండా చేసి కుళ్ళబెట్టేవి మరికొన్ని. వాపు మీద నొక్కితే చిటపట శబ్దం వస్తే, తడిమిన చోట చల్లగా ఉంటే అది డాక్టరు పని.

చన్ను గాయాలకు ఒక ప్రత్యేకత ఉంది. గాయం లోపలి దాకా పోయి పాలు అక్కడి నుంచి కారుతుంటే ఆ పూటే కుట్లు వేయించాలి. రెండు మూడు రోజులు గడిస్తే అంచులు చీము పట్టి కుట్టు నిలవదు, పాలు రోజూ ఆ దారినే కారి గాయాన్ని మాననివ్వవు. ఈగలు ముసిరి పురుగు పడితే టర్పెంటైను దూదితో అద్ది పురుగులను బయటికి తీసి కడగాలి. ఆ నూనె పొదుగు మీద, పాలలో పడకుండా చూసుకోవాలి.

డాక్టరు పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ వంటి మందు ఇస్తే ఎన్ని పూటలు పాలు పోయకూడదో అడిగి తెలుసుకోవాలి. సీసా మీద కూడా రాసి ఉంటుంది. ఒక్క పశువు మందు పాలు క్యానులో కలిస్తే ఆ పాలు తోడుకోవు. పెరుగు చేసేచోట మొత్తం తొట్టి నష్టపోతుంది. మా సభ్యులు కొందరు ఈ మాట వినగానే మొహం చిట్లిస్తారు. నాలుగు పూటల పాలు పారబోయడం ఎంత కష్టమో మాకు తెలియక కాదు. ఆ పాలు ఇంటి పసిపిల్లలకు, దూడకు కూడా మంచివి కావు కాబట్టి చెబుతున్నాము.

టెట్రాసైక్లిన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దానిని మట్టిలోని జీవి నుంచి తీసినవారు బెంజమిన్ డుగ్గర్. అప్పుడు లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇప్పుడు పశువైద్యశాలలో చెప్పబోయే దొమ్మ రోగానికి ఇచ్చే మందులలో ఆ కుటుంబం మందులు కూడా ఉన్నాయి.

దొమ్మ: నెత్తురు గడ్డకట్టని చావు

ఇంతవరకు చెప్పినదంతా ఇక్కడికి రావడానికే. దొమ్మ రోగాన్ని ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. ఆ మాటకు గ్రీకు భాషలో బొగ్గు అని అర్థం. మనిషికి చర్మం మీద వచ్చే పుండు బొగ్గులా నల్లగా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆవులు, ఎనుములు, గొర్రెలు, మేకలు అన్నిటికీ వస్తుంది. రాయలసీమ జిల్లాలలో ఇది పాత శత్రువే. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసినవారికి, తిన్నవారికి ఇది సోకిన ఘటనలు పలుమార్లు బయటపడినాయి. 2021లో వరంగల్ జిల్లాలో గొర్రెలు దీనితో చచ్చినట్టు తేలింది.

ముందు రోజు దాకా బాగా మేసిన పశువు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. చూసినవాళ్ళుంటే జ్వరం 106, 107 డిగ్రీల దాకా పోయిందని, వణికిందని, ఊపిరి ఆడలేదని చెబుతారు. చచ్చిన కొద్దిసేపటికే పొట్ట ఉబ్బుతుంది. ఒళ్ళు సరిగా బిగుసుకోదు. ముక్కు, నోరు, గుదము నుంచి నల్లటి నెత్తురు కారుతుంది. ఆ నెత్తురు గడ్డకట్టదు. తారులాగా పారుతూనే ఉంటుంది.

ఎందుకు గడ్డకట్టదో ఇప్పుడు సభ్యులే చెప్పగలరు. ఈ బాక్టీరియా నెత్తురులో విపరీతంగా పెరిగి, విషంతో రక్తనాళాల లోపలి పొరను చెడగొడుతుంది. ఒళ్ళంతా సన్న నాళాల్లో గడ్డలు కట్టి సరుకంతా ఖర్చవుతుంది. చివరికి పొరలు చిల్లులు పడి నెత్తురు కారుతుంది, ఆపడానికి కంప లేదు. రక్తపింజరి కాటుకు చచ్చిన పశువు కూడా ఇట్లాగే కనిపించవచ్చు. ఏది ఏదని ఇంటి దగ్గర తేల్చుకోవాలని చూడవద్దు. దొమ్మే అనుకొని నడుచుకుంటే నష్టం లేదు.

ఎట్లా నడుచుకోవాలి? కత్తి ముట్టకూడదు. తోలు తీయకూడదు, మాంసం పంచకూడదు, కుక్కలను దగ్గరికి రానీయకూడదు. దీనికి కారణం ఉంది. పశువు ఒంటి లోపల ఉన్న ఈ బాక్టీరియా ఇంకా సిద్ధబీజాలుగా మారనివి. కళేబరాన్ని కదపకుండా వదిలితే కుళ్ళులో రెండు మూడు రోజుల్లో అవి చాలా వరకు చస్తాయి. కోసినప్పుడు గాలి తగులుతుంది. గాలి తగిలితే ఈ బాక్టీరియా గట్టి పెంకు కట్టుకొని సిద్ధబీజంగా మారుతుంది. ఎండకు, వానకు, మామూలు మందులకు అది చావదు. ఎన్నేండ్లు ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942లో బ్రిటిషువారు స్కాట్లండు దగ్గర గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో ఈ బీజాలతో బాంబు ప్రయోగాలు చేసినారు. ఆ దీవిలోకి మనుషులు నిశ్చింతగా పోవచ్చని ప్రకటించింది 1990లో. అదైనా 1986లో నేలనంతా ఫార్మాల్డిహైడు కలిపిన సముద్రపు నీటితో తడిపిన తరువాతనే.

మన నేల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ బీజాలకు సున్నం ఎక్కువగా ఉన్న నేల అనుకూలం. డోన్, బేతంచెర్ల చుట్టుపక్కల నేల అడుగున ఉన్నది సున్నపురాయి. మనకు నాపబండలు ఇచ్చే రాయే ఈ బీజాలకు కూడా ఇల్లు. కరువులో గడ్డి మొదలు దాకా పశువు కొరుకుతుంది, నోట్లోకి మట్టి పోతుంది. మొదటి వానలకు పాత గుంతల్లోని బీజాలు పైకి తేలి పల్లానికి చేరుతాయి. అందుకే ఎండాకాలం చివర, వానల మొదట్లో ఈ రోగం ఎక్కువ.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. మా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక సంఘంలో ఇన్సూరెన్సు చేసిన ఆవు ఇట్లాగే చచ్చింది. పొట్ట కోసి పరీక్ష చేయించకపోతే క్లెయిము రాదేమోనని, డాక్టరు వచ్చేలోగా ఆవును పక్కకు లాగి సిద్ధంగా పెట్టమని మేమే సలహా ఇచ్చినాము. లాగినవారిలో ఒక కుర్రవాడు ఎట్లాగూ పూడుస్తారు కదా అని తోలు కొంత తీసినాడు. అయిదో నాటికి అతని ముంజేతి మీద దోమకాటు వంటి దద్దు లేచింది. తరువాత నీటి పొక్కయింది, ఆపైన నడుమ నల్లటి పక్కు కట్టింది. చుట్టూ వాపు చాలా ఉంది, నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కాబట్టి అతను ఆసుపత్రికి పోలేదు. వాళ్ళ అమ్మ ఏడ్చి బలవంతాన తీసుకుపోయింది. ఇంజెక్షన్లు పడినాయి, బ్రతికినాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మమ్మల్ని చూసినప్పుడల్లా "సార్, మీ క్లెయిము" అని చెయ్యి చూపించి నవ్వుతాడు. మాకు నవ్వు రాదు.

చర్మపు దొమ్మకు మందు వేయకపోతే నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. సకాలంలో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మందు పడితే దాదాపు అందరూ బ్రతుకుతారు. నల్లటి పక్కు, నొప్పి లేని పుండు, ఈమధ్య చచ్చిన పశువును ముట్టినాననే మాట, ఈ మూడూ డాక్టరుకు చెప్పాలి. మూడోది చెప్పడం మరిచిపోతే డాక్టరుకు తోచకపోవచ్చు. అటువంటి పశువు మాంసం తిన్నవారికి కడుపులో వచ్చే దొమ్మ ఇంతకంటే ప్రమాదం.

క్లెయిము సంగతి కూడా తేటగా రాస్తున్నాము. దొమ్మ అనుమానం ఉన్నప్పుడు పశువును కోయించకూడదు. డాక్టరుగారు చెవి దగ్గర సూదితో ఒక చుక్క నెత్తురు తీసి గాజు పలకపై పూసి పరీక్షకు పంపుతారు. చెవి పోగు నంబరు, ఫోటో, డాక్టరు సర్టిఫికెట్టు జాగ్రత్త పెట్టుకోవాలి. కబురు పెట్టడానికి 1962 నంబరు ఉంది. మీ పశువైద్యశాల ఉండనే ఉంది.

డాక్టరు చెప్పిన తరువాత కళేబరాన్ని పడిన చోటనే కాల్చడం మేలు. కట్టెలు దొరకని చోట ఆరడుగులకు తక్కువ కాకుండా గుంత తీసి, ముక్కు, గుదము రంధ్రాలను మందు తడిపిన గుడ్డతో మూసి, నెత్తురు పడిన మట్టితో సహా పూడ్చాలి. బావికి, వాగుకు, మేత బీడుకు దూరంగా ఉండాలి. పూర్వం గుంతలో సున్నం చల్లమని మేము కూడా చెప్పేవాళ్ళం. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వద్దంటోంది. పైన చెప్పినట్టు సున్నం సత్తువ బీజాలు నిలవడానికి తోడ్పడవచ్చు. అలవాటుగా సున్నం బస్తా తెప్పించేవారు ఈ మాట గమనించగలరు. ఆ మందలో మిగిలిన పశువుల జ్వరం చూపించి, డాక్టరు సరేననే దాకా వాటి పాలు సంఘానికి పోయకూడదు. పాలు కాచితే మామూలు బాక్టీరియా చస్తాయి గాని సిద్ధబీజాలు చావవు.

టీకా కథ ఎంతో పాతది. ఈ బాక్టీరియా జీవితం మొత్తాన్ని 1876లో జర్మనీలో రాబర్ట్ కోచ్ చూపించినాడు. 1881లో ఫ్రాన్సులో పూయీ-ల-ఫోర్ అనే పల్లెలో లూయీ పాశ్చర్ గొర్రెల మందను రెండుగా చేసి, సగానికి టీకా వేసి, తరువాత అన్నిటికీ రోగం ఎక్కించినాడు. టీకా వేసినవి నిలిచినాయి, వేయనివి చచ్చినాయి. చూడడానికి రైతులు, పత్రికలవాళ్ళు గుంపులుగా వచ్చినారట. ఇప్పుడు మనం వాడేది 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారు చేసిన రకం. అందులో బ్రతికి ఉన్న బలహీనమైన బీజాలు ఉంటాయి. కాబట్టి టీకాకు ముందు, వెనుక కొద్ది రోజులు పశువుకు పెన్సిలిన్ వంటి మందు పడితే టీకా వృథా అవుతుంది. ఏ పశువుకు మందు నడుస్తోందో టీకాలు వేయడానికి వచ్చినవారికి ముందే చెప్పాలి. రక్షణ సుమారు ఒక సంవత్సరమే. ఒకసారి దొమ్మ కనిపించిన ఊళ్ళో ప్రతి ఏడూ వానలకు ముందు వేయించవలసిందే.

ఊళ్ళో ఏ గుంత ఎక్కడ ఉందో తాతలకు తెలుసు, మనవలకు తెలియదు. పాశ్చర్ కాలంలోనే పూడ్చిన గుంతల మీద వానపాములు బీజాలను పైకి తెస్తాయని అనుమానించినారు. డాబా పునాదికో, బోరుకో, జె.సి.బి.తో తవ్వినప్పుడు ఆ పని మనమే చేస్తాము. అందువల్ల ఇటువంటి పశువును పూడ్చిన చోటును సంఘం తీర్మానాల పుస్తకంలో సర్వే నంబరు, తేదీలతో రాసి ఉంచమని కార్యదర్శులను కోరుతున్నాము. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ కూడా చూస్తాము.

పెద్దాయన ఎనుముకు పశువైద్యశాలలో పుండు కడిగి, చచ్చిన మాంసం తీసి, అయిదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చినారు. నెల తరువాత వెళ్ళినప్పుడు నాలుగు చన్నులూ పిండుతున్నారు, గాయపడిన చన్ను ధార కొంచెం సన్నబడింది. దొడ్డి గోడకు ఆనించిన నాపబండల అంచులను ఆయన సుత్తితో కొట్టి గుండ్రం చేయించినారు. రెండు బండలకు ఎనభై రూపాయలు కూలి అయిందని, అది కూడా సంఘం ఖాతాలో రాస్తారా అని మమ్మల్ని అడిగినారు. రాయలేమని చెప్పినాము.